పంకా మీది నక్షత్రాలు: చెప్పే లెక్క, చెప్పని లెక్క

ఇంటికి సీలింగు పంకా కొనవలెనంటే పూర్వం చూసేవి రెండే: ధర, రంగు. తెలిసినవారు ఎవరైనా వెంట ఉంటే మోటారులో చుట్టినది రాగితీగా, అల్యూమినియం తీగా అని ఒక మాట అడిగేవారు. ఇప్పుడు వీటికి తోడు మూడవది ఒకటి చేరినది. అది పెట్టెమీద అంటించి ఉండే నక్షత్రాల చీటీ. 2001 నాటి ఇంధన పొదుపు చట్టాన్ని అనుసరించి 2002 మార్చిలో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అనే ప్రభుత్వ సంస్థ ఈ చీటీని పంకాలకు కొన్ని ఏండ్లపాటు ఐచ్ఛికంగా నడిపి, 2023 జనవరి 1 నుండి తప్పనిసరి చేసినది. దుకాణదారు "ఇది ఫైవ్ స్టార్ అండీ" అంటాడు. కొనేవారు తల ఊపుతారు. బేరం అక్కడితో ముగుస్తుంది.

ఈ చీటీ వలన మేలు జరుగలేదని ఎవరూ అనలేరు. కంటితో చూచి పంకా వాడే కరెంటును పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. తయారీదారు ప్రకటన తప్ప వేరే ఆధారం లేనిచోట ఒక ప్రభుత్వ సంస్థ కొలతను ముందుంచడం సామాన్యునికి పెద్ద అండ. అయితే నక్షత్రాలు అన్నవి ఒక కొలతకు వేసిన బొమ్మ మాత్రమే. ఆ కొలత ఏది, దానిని ఎట్లు తీసినారు, దానిలో చేరనిది ఏది అన్న మూడు ప్రశ్నలు ఏ శాస్త్రీయ ఫలితాన్ని చూచినా అడుగవలసినవే. పంకా విషయంలో ఆ ప్రశ్నలు అడిగితే చీటీ గొప్పతనమూ తెలుస్తుంది, కొరతా తెలుస్తుంది.

ముందుగా పంకా చేసే పని ఏమిటి? పంకా గదిని చల్లబరుస్తుందన్న మాట పరీక్షా పత్రాలలో కూడా కనిపిస్తూ ఉంటుంది. అది తప్పు. 75 వాట్ల పంకా తీసుకొన్న విద్యుచ్ఛక్తి అంతా చివరకు ఆ గదిలోనే వేడిగా మారుతుంది. కొంత మోటారు చుట్టలలో, తక్కినది గాలి కదలిక అణగిపోయినపుడు. విశ్రాంతిగా కూర్చున్న మనిషి శరీరం సుమారు 100 వాట్ల వేడిని వెలువరిస్తుంది. అనగా ఎవరూ లేని గదిలో తిరుగుతున్న పంకా, ఆ గదిలో ముప్పాతిక మనిషిని కూర్చుండబెట్టినట్లే. చల్లబడేది గది కాదు, మనిషి. చర్మాన్ని అంటుకొని ఉండే తడిసిన వేడిగాలి పొరను పంకా చెదరగొడుతుంది. చెమట త్వరగా ఆవిరి అవుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావలెను. అది చాలావరకు శరీరం నుండే పోతుంది. ఈ కారణంచేత పంకా ఇచ్చే సుఖం చర్మాన్ని తాకే గాలి వేగంమీద ఆధారపడి ఉంటుంది. చీటీని చదివేటపుడు ఈ సంగతి మరువరాదు.

చీటీకి మూలమైన కొలతను సర్వీస్ వాల్యూ అంటారు. తెలుగులో సేవామూల్యం అనవచ్చును. పంకా ఒక నిమిషంలో కదిలించే గాలిని ఘనపు మీటర్లలో కొలిచి, దానిని పంకా వాడే వాట్లచేత భాగిస్తే వచ్చేదే సేవామూల్యం. భారత ప్రమాణాల సంస్థవారి 374వ నంబరు ప్రమాణం పంకాల పరీక్షా విధానాన్ని నిర్ణయిస్తున్నది. ప్రత్యేకమైన గదిలో పంకాను పూర్తి వేగంతో త్రిప్పి, రెక్కలకు దిగువన పలు దూరాలలో గాలి వేగాన్ని అనిమోమీటరుతో కొలిచి, ఆ వేగాలనుండి గాలి పరిమాణాన్ని లెక్కకడతారు. దుకాణాలలో 48 అంగుళాల పంకా అని పిలువబడే 1200 మిల్లీమీటర్ల పంకా నిమిషానికి 200 ఘనపు మీటర్లకు పైగా గాలిని కదిలిస్తుంది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో ఉండే గాలి 36 ఘనపు మీటర్లే. 210 ఘనపు మీటర్ల పంకా ఆ గది గాలినంతా నిమిషానికి దాదాపు ఆరుమార్లు త్రిప్పుతున్నదన్నమాట. ఇది కొత్త గాలి కాదు. కిటికీలు మూసిన గదిలో తిరిగేది అదే పాత గాలి. గాలి పరిమాణం ఎంత పెద్ద అంకెగా ఉన్నా దానిని గాలి మార్పిడిగా భావించరాదు.

తప్పనిసరి చేసిన నాటి పట్టిక ప్రకారం 1200 మిల్లీమీటర్లు, అంతకు పైబడిన పంకాలలో సేవామూల్యం 4.0 ఉంటే ఒక నక్షత్రం, 4.5 ఉంటే రెండు, 5.0కు మూడు, 5.5కు నాలుగు, 6.0 గాని అంతకు మించి గాని ఉంటే అయిదు. ఇంతవరకు చక్కగానే ఉన్నది. చిక్కు అంతా సేవామూల్యం ఒక భాగహార ఫలితం కావడంలో ఉన్నది. భాగహార ఫలితం తాను పుట్టిన రెండు అంకెలనూ దాచివేస్తుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చును. నిమిషానికి 210 ఘనపు మీటర్ల గాలినిచ్చి 35 వాట్లు వాడే పంకా ఒకటి, 240 ఘనపు మీటర్లు ఇచ్చి 42 వాట్లు వాడే పంకా మరొకటి ఉన్నవనుకొందాం. మొదటిదాని సేవామూల్యం 6.0. రెండవదాని సేవామూల్యం 5.71. మొదటిదానికి అయిదు నక్షత్రాలు, రెండవదానికి నాలుగు. కాని గాలి ఎక్కువ ఇచ్చేది రెండవదే. మే నెలలో ఉక్కపోతతో నిద్రపట్టని ఇంట్లో ఆ 30 ఘనపు మీటర్ల తేడా చిన్నది కాదు. నక్షత్రాలు మాత్రమే చూచి కొన్నవారు "కొత్త పంకా గాలి రావడం లేదు" అని గొణుగుకోవడం తరచుగా వినిపించే మాట. వారు మోసపోలేదు. చీటీ అబద్ధం చెప్పలేదు. వారు అడిగిన ప్రశ్న ఒకటి, చీటీ చెప్పిన సమాధానం మరొకటి.

ఈ విషయంలో ఇంకొక సూక్ష్మం ఉన్నది. పంకా రెక్కలు కదిలించే గాలి పరిమాణం వేగానికి అనులోమంగా ఉంటుంది. కాని రెక్కలను త్రిప్పడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనానికి అనులోమంగా ఉంటుంది. వేగాన్ని నూటికి పది వంతులు తగ్గిస్తే గాలి 0.9 వంతు అవుతుంది, సామర్థ్యం 0.9 × 0.9 × 0.9, అనగా 0.729 వంతే అవుతుంది. మోటారులోని నష్టాలను ప్రక్కన పెట్టి లెక్కిస్తే, 234 ఘనపు మీటర్ల గాలికి 46.8 వాట్లు వాడుతూ 5.0 సేవామూల్యంతో మూడు నక్షత్రాలు పొందే పంకాను, ఏ మార్పూ చేయకుండా పదవ వంతు నెమ్మదిగా త్రిప్పితే 210 ఘనపు మీటర్లకు 34 వాట్లే వాడుతుంది. సేవామూల్యం 6.17కు పెరుగుతుంది. మూడు నక్షత్రాలు అయిదు అవుతవి! పంకా అదే, రెక్కలు అవే. ప్రతి కొలతకు ఇంత గాలి కనీసం ఉండవలెనని ప్రమాణంలో కట్టడి ఉన్నది కనుక ఈ దారిలో అంతులేకుండా పోవడం సాధ్యం కాదు. అయినా ఆ కనీస హద్దుకు దగ్గరగా పంకాను నిలిపి నక్షత్రాలు సంపాదించే వెసులుబాటు ఈ కొలతలోనే ఉన్నది. కొనేవారు నక్షత్రాలతోపాటు గాలి పరిమాణాన్ని, వాట్లను విడివిడిగా చదువవలెను. పెట్టెమీద గాని వివరపత్రంలో గాని ఆ అంకెలు ఉంటవి. వాట్లు విడిగా రాయకపోయినా, గాలి పరిమాణాన్ని సేవామూల్యంచేత భాగిస్తే వాట్లు వస్తవి.

నెమ్మదిగా తిరగడం దోషమని దీనినుండి అర్థం చేసుకోరాదు. అంతే గాలిని పెద్ద రెక్కలతో నెమ్మదిగా కదిలించడం చిన్న రెక్కలతో వేగంగా కదిలించడంకంటె ఎంతో చవుక. గాలి పరిమాణం మారకుండా వలయం వైశాల్యం పెరిగితే, కావలసిన సామర్థ్యం ఆ వైశాల్యపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 1200 బదులు 1400 మిల్లీమీటర్ల పంకా పెడితే వైశాల్యం 1.36 రెట్లు. ఆదర్శ స్థితిలో సామర్థ్యం సుమారు 0.54 వంతు చాలును. నిజమైన పంకాలలో ఇంత లాభం రాకపోయినా దిశ మాత్రం ఇదే. పెద్ద హాలుకు చిన్న పంకాను కొని గిరగిరా త్రిప్పడం ఏ విధంగా చూచినా నష్టమే.

చిన్న పంకాలకు ప్రకృతి నియమమే ప్రతికూలంగా ఉన్నది కనుక పట్టికలో వాటికి వేరే వరుస ఇచ్చినారు. 1200 మిల్లీమీటర్లకు లోపు పంకాలకు సేవామూల్యం 3.1 ఉంటే ఒక నక్షత్రం, 5.1 ఉంటే అయిదు. ఇది న్యాయమే. కాని చీటీమీద బొమ్మ ఒకటే! 900 మిల్లీమీటర్ల అయిదు నక్షత్రాల పంకా, 1200 మిల్లీమీటర్ల మూడు నక్షత్రాల పంకా సేవామూల్యంలో ఒకే మెట్టుమీద ఉండవచ్చును. చిన్నదానిని పెద్దదానితో నక్షత్రాల లెక్కన పోల్చడం అయిదవ తరగతి మొదటి ర్యాంకును పదవ తరగతి మూడవ ర్యాంకుతో పోల్చినట్లు ఉంటుంది.

ఏండ్ల మధ్య పోలిక ఇంకా కష్టం. ఐచ్ఛికంగా నడచిన కాలంలో సేవామూల్యం 4.0 ఉంటే అయిదు నక్షత్రాలు ఇచ్చేవారు. తప్పనిసరి చేసిన పట్టికలో అదే 4.0కు ఒక్క నక్షత్రం. అంటే పాత చీటీ ప్రకారం అగ్రశ్రేణి పంకా రాత్రికి రాత్రి చివరి మెట్టుకు దిగినది. ప్రమాణాన్ని కాలానుగుణంగా బిగించడం మెచ్చుకోదగిన పని. విద్యుత్ ఉపకరణాలలో ఇట్లే అభివృద్ధి జరుగుతుంది. అయితే దుకాణం అటకమీద మిగిలిపోయిన పాత సరుకు, బంధువుల ఇంట్లో తీసివేసిన పంకా చౌకగా వస్తున్నపుడు, చీటీమీద ఉన్న సంవత్సరాన్ని చూడకపోతే నక్షత్రాలకు అర్థం లేదు.

ఇంతకంటె పెద్ద కొరత మరొకటి. పరీక్ష అంతా పూర్తి వేగం దగ్గరనే జరుగుతుంది. ఇంటిలో పంకా రాత్రంతా పూర్తి వేగంతో తిరగదు. తెల్లవారుజామున చలి వేస్తే రెగ్యులేటరు తగ్గిస్తారు. శీతకాలంలో దోమల కోసం ఒకటో రెండో నంబరులో పెట్టుకొనేవారు లక్షలమంది. ఆ తగ్గించిన వేగం దగ్గర పంకా ఏమి వాడుతున్నదో చీటీ ఒక్క మాట చెప్పదు. ఇక్కడనే పంకాల మధ్య తేడా అన్నిటికంటె ఎక్కువ.

ఇది అర్థం కావలెనంటే మోటారు లోపలికి తొంగి చూడవలెను. చిరకాలంగా ఇండ్లలో ఉన్నది ప్రేరణ మోటారు, అనగా ఇండక్షన్ మోటారు. దీనిలో తీగచుట్టలు గల స్థిరభాగం లోపల, తిరిగే భాగం వెలుపల ఉంటవి. తీగచుట్టలలోని ప్రత్యావర్తన విద్యుత్తు ఒక తిరిగే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. 16 ధ్రువాలు గల మోటారులో 50 హెర్ట్జుల విద్యుత్తుకు ఆ క్షేత్రం నిమిషానికి 375 మార్లు తిరుగుతుంది. రోటారు దానిని వెంబడిస్తుందే గాని అందుకోదు. అందుకొంటే ప్రేరణ ఉండదు, బలం ఉండదు. నిమిషానికి 350 మార్లు తిరుగుతున్నదనుకొంటే, వెనుకబాటు నూటికి సుమారు 7 వంతులు. రోటారుకు అందిన శక్తిలో ఆ 7 వంతులు వేడిగా పోతవి.

రెగ్యులేటరు చేసే పని వోల్టేజి తగ్గించడమే. క్షేత్రం మాత్రం యథాప్రకారం 375 మార్లే తిరుగుతుంది. రోటారు బలం చాలక నిమిషానికి 187 మార్లకు పడిపోయిందనుకొంటే వెనుకబాటు నూటికి 50 వంతులు. రోటారుకు చేరిన శక్తిలో సగం వేడిగా పోతున్నదన్నమాట. సగం వేగానికి రెక్కలు అడిగేది పూర్తి సామర్థ్యంలో ఎనిమిదవ వంతు. మోటారు రోటారుకు అందించవలసి వచ్చేది సుమారు నాలుగవ వంతు. ఘన నియమం చేతికి ఇచ్చిన లాభంలో మంచి భాగాన్ని మోటారు తినివేస్తుంది. దీనికి తోడు గోడమీద ఉండే పాతకాలపు పెద్ద పెట్టె రెగ్యులేటరులో నిరోధపు తీగ ఉంటుంది. తగ్గించిన వోల్టేజి అంతా ఆ తీగలో వేడి అవుతుంది. చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. కెపాసిటర్లతో పనిచేసే అంచెల రెగ్యులేటరులో ఈ వేడి దాదాపు లేదు. పాత పెట్టెను తీసివేసి దీనిని పెట్టడం తక్కువ ఖర్చుతో తీరే పొదుపు. కాని రోటారులోని నష్టాన్ని ఏ రెగ్యులేటరూ తప్పించలేదు.

బి.ఎల్.డి.సి. అని పిలువబడే కొత్త పంకాలలో ఈ కథ మారినది. తిరిగే భాగంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటవి. స్థిరభాగపు చుట్టలకు ఎప్పుడు ఏ చుట్టకు విద్యుత్తు ఇవ్వవలెనో లోపలి ఎలక్ట్రానిక్ పలక నిర్ణయిస్తుంది. రోటారు క్షేత్రంతో కలిసి తిరుగుతుంది కనుక వెనుకబాటు లేదు, ఆ నష్టమూ లేదు. వేగం తగ్గించవలెనంటే క్షేత్రాన్నే నెమ్మదిగా త్రిప్పుతుంది. పూర్తి వేగంలో 75 వాట్ల పాత పంకా చేసే పనిని ఇది సుమారు 28 నుండి 35 వాట్లతో చేస్తుంది. అతి తక్కువ వేగంలో కొద్ది వాట్లు మాత్రమే వాడుతుంది. ఈ రెండవ లాభమే రాత్రిపూట పంకా వాడే కుటుంబానికి ముఖ్యమైనది, చీటీమీద లేనిది కూడా ఇదే. ఇట్టి పంకాకు గోడమీది పాత రెగ్యులేటరును కలిపి వాడరాదు. రెగ్యులేటరును తప్పించి నేరుగా స్విచ్చికి కలుపవలెను. లేకపోతే ఎలక్ట్రానిక్ పలక చెడిపోయే ప్రమాదం ఉన్నది.

ఖర్చు లెక్క ఎవరింట్లో వారు వేసుకోవచ్చును. రెండు పంకాల మధ్య తేడా 40 వాట్లు, రోజుకు 12 గంటలు, ఏడాదికి 240 రోజులు అనుకొంటే ఆదా అయ్యేది 115 యూనిట్లు. యూనిట్ ధర 6 రూపాయలు అనుకొంటే ఏడాదికి 690 రూపాయలు. శ్లాబుల పద్ధతిలో ఈ యూనిట్లు బిల్లులో పైశ్రేణినుండి తగ్గుతవి కనుక ఆ శ్రేణి ధరనే లెక్కలో వేయవలెను. రోజుకు రెండు గంటలు తిరిగే పూజగది పంకాకు ఇదే లెక్క వేస్తే ఏడాదికి 20 యూనిట్లు కూడా రావు. అక్కడ ఉన్న పాత పంకాను మార్చడం తొందరపాటు.

మరమ్మతు సంగతిని చీటీ పూర్తిగా వదలివేసినది. పాత పంకా నెమ్మదించిందంటే చాలాసార్లు కారణం కండెన్సరు, అనగా మోటారుకు కలిపి ఉండే సుమారు 2.5 మైక్రోఫారడ్ల కెపాసిటరు బలహీనపడడం. వీధి చివర ఉండే మెకానిక్కు దానిని పది నిమిషాలలో మార్చగలడు. తీగచుట్ట కాలితే మరల చుట్టగలడు. కొత్త పంకాలోని ఎలక్ట్రానిక్ పలక ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క విధంగా ఉంటుంది. పిడుగుల కాలంలో వచ్చే వోల్టేజి తాకిడికి అది చెడిపోతే ఆ కంపెనీ పలకే కావలెను. ఊరికి సేవాకేంద్రం ఎంత దూరమో విచారించకుండా పల్లెలో ఇట్టి పంకా కొనడం తెలివైన పని కాదు. మరొకవైపు, సాయంత్రం పూట వోల్టేజి పడిపోయే ఊళ్లకు అనుకూలమైనదీ ఈ పంకాయే. ప్రేరణ మోటారు బలం వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. 230 వోల్టులు 180కి దిగితే బలం నూటికి 61 వంతులకు పడిపోయి పంకా ఈడ్చుకొంటూ తిరుగుతుంది. కొత్త పంకా తన వేగాన్ని తానే నిలుపుకొంటుంది.

పరీక్షా గదికి, నివసించే గదికి ఉన్న దూరం ఇక మిగిలినది. పరీక్షా గదిలో పంకా నియమం ప్రకారం వ్రేలాడుతుంది. ఇంట్లో దానిని ఎవరు, ఎక్కడ, ఎట్లు బిగించినారో చీటీకి తెలియదు. అయిదు నక్షత్రాల పంకాను కప్పుకు అంటించినట్లు బిగిస్తే దానికి పైనుండి గాలి అందదు. రెక్కలు క్రిందికి త్రోయవలసిన గాలి పైనుండే రావలెను గదా! రెక్కలకు, కప్పుకు మధ్య కనీసం 300 మిల్లీమీటర్లు, నేలనుండి రెక్కలకు కనీసం 2.4 మీటర్లు ఉండవలెనన్నది అంగీకృతమైన నియమం. మొదటిది గాలి కోసం, రెండవది ప్రాణం కోసం. 3 మీటర్ల కప్పు ఉన్న ఇంట్లో ఈ రెండింటికీ మధ్య దొరికే చోటు 300 మిల్లీమీటర్లే. ఎత్తైన పాత మిద్దెలలో పొడుగు కడ్డీ కావలెను. లేకపోతే గాలి మంచందాకా దిగకముందే వేగం కోల్పోతుంది. ఇంటివారు అటకమీద సామాను అందుకొనేటపుడు, పిల్లలు రెండంతస్తుల మంచంమీద లేచి నిలబడినపుడు చేయి రెక్కలకు తగులుతుందేమో ముందే చూచుకోవలెను.

పొడవైన హాలుకు మధ్యలో ఒక పెద్ద పంకా పెట్టడంకంటె రెండు పంకాలు విడివిడిగా పెట్టడం మేలు. మనుషులున్న వైపు ఒక్కటే త్రిప్పుకోవచ్చును. తరగతి గదులలో మరొక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. ట్యూబులైటు రెక్కలకంటె పైన ఉంటే రెక్కల నీడలు పుస్తకాలమీద ఆగకుండా కదలుతవి. పిల్లల తలనొప్పికి అద్దాలు మార్పించేముందు దీపం చోటు మార్చి చూడవచ్చును.

కొక్కెం విషయంలో పొదుపుకు తావు లేదు. కాంక్రీటు కప్పు పోసేముందే పంకా పెట్టెను అమర్చి, దాని ఇనుపకడ్డీని కప్పులోని ఊచలకు కట్టివేయడం సరియైన పద్ధతి. ఇల్లు కట్టేవారు ఆ రోజున మరచిపోతే తరువాత కప్పుకు రంధ్రాలు చేసి యాంకరు బోల్టులతో కొక్కెం బిగించవలసి వస్తుంది. అది అనుభవం గల పనివాడు చేయవలసిన పని. పంకా బరువు కొద్ది కిలోలే అయినా ఏండ్ల తరబడి కదలుతూ, అదురుతూ ఉండే బరువు అది. కొక్కేనికి తగిలించే రబ్బరు గిలక, దానిగుండా పోయే బోల్టు, ఆ బోల్టు జారకుండా గుచ్చే చీలికపిన్ను ఈ మూడింటిలో ఏది లోపించినా పంకా తలమీద పడవచ్చును. ఏడాదికి ఒకసారి, వేసవికి ముందు రెక్కలు తుడిచేటపుడే మెయిన్ స్విచ్చి ఆపివేసి, గిన్నెమూతను దించి ఈ మూడింటినీ చూచుకోవలెను. అలంకారానికి వేసిన తేలిక కప్పునుండి పంకాను వ్రేలాడదీయరాదు. కడ్డీ దానిని దాటి అసలు కప్పును పట్టుకోవలెను. మూడు రెక్కలు తూకం సరిచూచి జతపరచినవి కనుక ఒక పంకా రెక్క మరొక పంకాకు వేస్తే ఊగడం మొదలవుతుంది.

చీటీకి గాని పంకాకు గాని లొంగని ఒక హద్దు వాతావరణంలోనే ఉన్నది. చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. అంతకంటె వేడిగా ఉన్న గాలిని శరీరంమీదికి విసరితే గాలినుండి శరీరానికే వేడి చేరుతుంది. చెమట ఆవిరి కావడంవలన పోయే వేడి దానికంటె ఎక్కువగా ఉన్నంతవరకే లాభం. మచిలీపట్నం, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో వేడి అంతగా పెరగకపోయినా గాలిలో తేమ ఎక్కువ. ఒంటిమీద చెమట ఆరదు. అక్కడ పంకా పెద్ద ఉపకారి. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెల మధ్యాహ్నం ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరిన రోజులు ఉన్నవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహాలలో 40 డిగ్రీలకు లోపు ఉన్నపుడే విద్యుత్ పంకాలను వాడవలెనని, అంతకు మించితే అవి శరీరాన్ని వేడి చేస్తవని చెప్పుచున్నది. వృద్ధులకు చెమట తక్కువ పడుతుంది కనుక వారికి ప్రమాదం ముందుగా వస్తుంది. మూసిన గదిలో ముసలివారిని పంకాక్రింద పడుకోబెట్టి "గాలి వస్తున్నది గదా" అని ఊరుకోవడం వడగాలి రోజులలో ప్రాణాంతకం కావచ్చును. ఒంటిని తడిగుడ్డతో తరచు తుడుస్తూ ఉంటే చెమట చేయవలసిన పనిని ఆ నీరు చేస్తుంది. నీరు త్రాగించడం, ఎండ తగలని చల్లని చోటికి మార్చడం అవసరం. చీటీ కరెంటు గూర్చిన పత్రమే కావచ్చును. అయినా దేశంలో ప్రతి పంకా పెట్టెమీదా అంటుకొని పోయే ఆ కాగితంమీద ఈ ఒక్క హెచ్చరికకు చోటు లేకపోవడం శోచనీయం. తక్కువ వేగం దగ్గర వాడే వాట్లను కూడా అచ్చు వేస్తే దాని విలువ ఇంకా పెరిగేది.

చీటీ చెప్పని ఆ వాట్లను విద్యార్థులే కొలువవచ్చును. ఇంటి ఎలక్ట్రానిక్ మీటరుమీద మెరిసే చిన్న ఎర్రదీపం ఉంటుంది. యూనిట్‌కు ఎన్ని మెరుపులో మీటరుమీదనే రాసి ఉంటుంది. చాలా మీటర్లపై ఆ సంఖ్య 3200. ఇంట్లో మిగిలినవన్నీ ఆపి, పంకా ఒక్కటే పూర్తి వేగంలో త్రిప్పి, పది నిమిషాలలో ఎన్ని మెరుపులు వచ్చినవో లెక్కించవలెను. ఆ సంఖ్యను 1.875తో హెచ్చవేస్తే వాట్లు వస్తవి. 40 మెరుపులకు 75 వాట్లు, 16 మెరుపులకు 30 వాట్లు. తరువాత రెగ్యులేటరును ఒకటో నంబరులో పెట్టి మరల లెక్కించవలెను. తరగతిలో నలభై ఇండ్ల లెక్కలు చేరితే పాత పెట్టె రెగ్యులేటరు, కెపాసిటరు రెగ్యులేటరు, కొత్త మోటారు ఈ మూడింటికీ తేడా నల్లబల్లమీదనే కనిపిస్తుంది. లెక్కించే సమయంలో రిఫ్రిజిరేటరు తనంతట తాను మొదలయితే లెక్క తప్పిపోతుంది కనుక దాని ప్లగ్గును ముందే తీసివేయవలెను. మీటరు మూతను తెరువరాదు, తీగలను ముట్టరాదు. దూరంగా నిలబడి దీపాన్ని చూచినా చాలును.